తేడా తెలియాలంటే చెయ్యి కుదురుగా ఉండాలి

అమ్మడూ,

ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. ఫోన్లో నాలుగు మంచి మాటలు చెబుదామనుకున్నా గానీ, నువ్వు సగం విని "సరే తాతయ్యా, ఉంటా" అంటావని తెలుసు. అందుకే కాగితం మీద పెడుతున్నా. సుద్దముక్కతోనూ బ్యూరెట్‌తోనూ బతుకు గడిపినవాణ్ని. మనవరాలు అదే దారిన వస్తుంటే నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాదు. ఓపిగ్గా చదువు.

నీ క్లాసులో అందరికీ ఆర్గానిక్ ల్యాబు మీదే మోజుంటుంది. అక్కడ రంగులు మారతాయి, స్ఫటికాలు మెరుస్తాయి, వాసనలొస్తాయి. ఫిజికల్ కెమిస్ట్రీ గదిలో ఆ సందడేమీ ఉండదు. మందపాటి గాజుజాడీలో ఐసు, ఐసులో ఓ గొట్టం, గొట్టంలో మూరెడు పొడవు థర్మామీటరు. గంటసేపు కదుపుతూ కూర్చుంటే పాదరసం గోరంత దిగుతుంది. పిల్లలకు విసుగు పుట్టి ఎవరి రికార్డులోనో చూసి అంకె వేసేసుకుంటారు. నువ్వా పని చెయ్యకు. ఆ గోరంత దిగడంలో ఎంతుందో నీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

2024 డిసెంబరులో మన ముండ్లమూరులో వరసగా భూమి కదిలింది గుర్తుందిగా. జనం ఇళ్లలోంచి బయటికొచ్చారు. ఒకరు పెద్ద అదురన్నారు, ఇంకొకరు ఏదో లారీ పోయినట్టుందన్నారు. ఎవరి కాళ్లకు తెలిసింది వాళ్లు చెప్పారు. అది ఎంత అదురో తేల్చింది మాత్రం ఎక్కడో గదిలో కదలకుండా కూర్చున్న పరికరం. మన చర్మానికి వేడి సంగతి కూడా అంతే. మే నెల ఎండలోంచి వచ్చి బావినీళ్లు ముట్టుకుంటే చల్లగా ఉంటాయి, డిసెంబరు తెల్లవారుజామున అవే నీళ్లు వెచ్చగా తోస్తాయి. ఒంటికి తెలిసే వేడి వేరు, కొలిచే వేడి వేరు. అందులోనూ డిగ్రీలో వెయ్యో వంతు కొలవడమంటే అదో ప్రత్యేకమైన విద్య.

అంత సన్నగా కొలిచి ఏం బావుకుంటామంటావా? లెక్క చూడు. వంద గ్రాముల నీళ్లలో ఒక్క గ్రాము యూరియా వెయ్యి. మన పొలాల్లో చల్లే యూరియానే. నీళ్లు సున్నా దగ్గర గడ్డకట్టాల్సింది పోయి, సుమారు 0.31 డిగ్రీ కిందకు దిగాక గడ్డకడతాయి. కిలో నీళ్లలో ఒక మోల్ పదార్థం కరిగితే ఘనీభవన స్థానం 1.86 డిగ్రీలు తగ్గుతుందన్న సూత్రం నీకు తెలిసిందే. ఆ 0.31ని పట్టుకుంటే యూరియా అణుభారం 60 అని తేలుతుంది. డిగ్రీకొక గీత ఉన్న మామూలు థర్మామీటరుకు ఆ 0.31 అసలు ఆననే ఆనదు. పదో వంతు గీతలున్నదాంతో 0.25కీ 0.35కీ మధ్య తడుముకుంటావు. అప్పుడు అణుభారం 53 కావచ్చు, 74 కావచ్చు. అది జవాబు కాదు, సోది. అదే 0.308, 0.312 అని విడదీసి చూడగలిగితే 59.6కూ 60.4కూ మధ్య నిలబడతావు. తూకం వెయ్యలేని అణువుని థర్మామీటరుతో తూచినట్టన్నమాట.

ఈ తూకానికి త్రాసు చేసిపెట్టినవాడు ఎర్నెస్ట్ బెక్‌మన్. 1853లో జర్మనీలోని సోలింగెన్‌లో పుట్టాడు, మొదట మందుల తయారీ నేర్చుకున్నాడు, తర్వాత రసాయనశాస్త్రంలోకి వచ్చాడు. ఆర్గానిక్ పేపర్లో నువ్వు బట్టీపట్టిన బెక్‌మన్ రీఅరేంజ్‌మెంట్ ఈయనదే, 1886 నాటిది. ఆక్సైముల్లో రెండు రూపాలు కనపడ్డాయి. అవి ఒకే అణుభారం ఉన్న ఐసోమర్లా, కాదా అని తేల్చాలి. ఫ్రాన్సులో రౌల్ట్ అప్పటికే ఘనీభవన స్థానం నుంచి అణుభారం కట్టే దారి చూపించాడు. బెక్‌మన్ లైప్‌జిగ్‌లో ఆస్ట్‌వాల్డ్ దగ్గర పనిచేస్తూ ఆ పద్ధతిని ఏ ల్యాబులోనైనా చేసుకునేలా కుదించాడు. దానికోసమే 1880ల చివర్లో ఆ థర్మామీటరు పుట్టింది.

దాని తెలివంతా ఎక్కడుందో చెబుతా విను. స్కేలు మీద ఐదారు డిగ్రీలే ఉంటాయి. ఒక్కో డిగ్రీకి నాలుగైదు సెంటీమీటర్ల జాగా ఇచ్చి దాన్ని వంద భాగాలు చేస్తారు. భూతద్దం పెట్టుకుంటే ఆ గీతల మధ్యన కూడా అంచనా కట్టొచ్చు. మరి ఐదారు డిగ్రీలే ఉంటే సున్నా దగ్గరా, ఎనభై దగ్గరా అదే థర్మామీటరు ఎలా పనికొస్తుంది? పైన వంకీ తిరిగిన చిన్న పాదరసం అర ఉంటుంది. కింద బల్బులో పాదరసం ఎక్కువైతే కొంత ఆ అరలోకి పంపేస్తాం, తక్కువైతే అక్కడి నుంచి తెచ్చుకుంటాం. మనకు కావలసిన వేడి దగ్గర పాదరసం స్కేలు మీద నిలిచేలా సర్దుకుంటాం.

ఈ సర్దడం చేతిపని. థర్మామీటరుని తలకిందులు చేసి మెల్లగా తట్టి, పైనున్న పాదరసాన్నీ సన్నగొట్టంలోంచి వచ్చిన పాదరసాన్నీ కలిపెయ్యాలి. తెగకుండా నిలబెట్టి, కావలసినదానికంటే కాస్త ఎక్కువ వేడి నీళ్లలో బల్బు ముంచి, అది నీళ్లతో సమానమయ్యేదాకా ఆగాలి. బయటికి తీసి, కుడిచేత్తో నడుము దగ్గర నిటారుగా పట్టుకుని, ఎడంచేత్తో నీ కుడి మణికట్టు మీద ఒక్క దెబ్బ కొట్టాలి. దెబ్బ పడాల్సింది మణికట్టు మీదే, గాజు మీద కాదు. వంకీ దగ్గర పాదరసం తెగి, మిగులు అరలోకి పోతుంది. ఒకసారి సర్దాక పని అయ్యేదాకా దాన్ని బల్ల మీద పడుకోబెట్టకు, పాదరసం మళ్లీ కలిసిపోతుంది. ఘనీభవనం ప్రయోగానికైతే నీళ్లు గడ్డకట్టే చోటు స్కేలు పైభాగంలో ఉండేలా చూసుకో. ద్రావణం కిందకే దిగుతుంది కాబట్టి దానికి జాగా కావాలి.

మిర్చి టిక్కీలు తూచే కాటా వేరు, కంసాలి త్రాసు వేరు. బెక్‌మన్ థర్మామీటరు కంసాలి త్రాసు. వేడెంత అని దాన్నడిగితే చెప్పదు. స్కేలు మీద 3.42 ఉంటే అది 3.42 డిగ్రీలు కాదు. ముందొకచోట నిలిచింది, తర్వాత ఇంకోచోట నిలిచింది, రెంటికీ మధ్య ఇంత అని మాత్రమే చెబుతుంది. అందుకే మొదటిది సరిగ్గా కొలవకపోతే రెండోదానికి అర్థమే లేదు. శుద్ధమైన నీటి ఘనీభవన స్థానం నిన్ననో మొన్ననో తీశాంగా, మళ్లీ ఎందుకులే అనుకోకు. అదే గొట్టంలో, అదే సర్దుబాటుతో, ఆ పూటే తియ్యి. రెండు మూడుసార్లు తీసి ఒకేచోట నిలిస్తేనే యూరియా వెయ్యి.

నా హితవంతా ఇందులోనే ఉందమ్మా. చిన్న తేడా కొలవాలంటే మిగతాదంతా కదలకుండా నిలబెట్టాలి. పరికరం ఎంత సన్నదైతే నీ పని అంత సన్నగా ఉండాలి. పరికరం వెయ్యో వంతు చూపిస్తుంటే నీ అజాగ్రత్త కూడా వెయ్యో వంతుల్లో కనపడుతుంది.

ఒక్కటి దగ్గరగా చూపిస్తా. ద్రావణం సున్నా కిందకు వెళ్లినా వెంటనే గడ్డకట్టదు. ఇంకా చల్లబడుతూ పోతుంది. ఓ క్షణంలో చటుక్కున సన్నటి ఐసు పలుకులు పుడతాయి, పాదరసం పైకి ఎగదన్ని ఒకచోట నిలుస్తుంది. ఆ నిలిచిందే నీకు కావలసిన అంకె. అయితే ఎంత కిందకు జారనిచ్చావన్నది ముఖ్యం. గ్రాము నీళ్లు గడ్డకడితే దాదాపు 80 క్యాలరీల వేడి బయటికొస్తుంది. ఒక డిగ్రీ ఎక్కువ చల్లబడనిస్తే, ఆ లోటు పూడ్చడానికి నీళ్లలో ఎనభయ్యో వంతు ఐసు అవుతుంది. ఐసులోకి యూరియా పోదు, మిగిలిన నీళ్లలోనే ఉండిపోతుంది. ద్రావణం ఒకటింబావు శాతం చిక్కబడుతుంది. నీ 0.31 కాస్తా 0.314 అవుతుంది. మామూలు థర్మామీటరుకిది తెలియదు, బెక్‌మన్‌కి తెలుస్తుంది. కాబట్టి బయటి ఐసు-ఉప్పు మిశ్రమాన్ని మరీ చల్లగా పెట్టకు, ఘనీభవన స్థానానికి నాలుగైదు డిగ్రీలు కిందుంటే చాలు. లోపలి గొట్టానికి గాలి జాకెట్టు తప్పకుండా ఉండాలి. కదిపే తీగని ఒకే వేగంతో ఆడించు. హడావుడిగా గిలకొడితే ఆ రాపిడి వేడి కూడా లెక్కలోకి వస్తుంది. చదివే ముందు థర్మామీటరు తల మీద వేలితో మెల్లగా తట్టు, లేకపోతే సన్నగొట్టంలో పాదరసం అంటుకుని ఆగుతుంది. కన్ను పాదరసం ఎత్తుకు రావాలి. అర నిమిషానికొకసారి రీడింగు రాసి గ్రాఫు గియ్యి, నిలకడ ఎక్కడో గ్రాఫే చెబుతుంది. మా రోజుల్లో ఎండాకాలం ప్రాక్టికల్స్‌కి ఐసు దిమ్మె వరిపొట్టులో, గోనెపట్టాలో చుట్టుకుని బస్సు మీద వచ్చేది. సగం దారిలోనే కరిగేది. మీకు ల్యాబులోనే ఫ్రిజ్జుంది, ఆ పాటి ఓపిక పట్టలేరా?

"ఇప్పుడంతా డిజిటల్ తాతయ్యా, పాదరసం ఎవరు వాడుతున్నారు" అని నవ్వుతావు. నిజమే. పాదరసం వాడకం తగ్గించాలన్న మినమాటా ఒప్పందాన్ని మన దేశం కూడా 2018లో ఖరారు చేసింది. ఒకరకంగా మంచిదే. మీ ల్యాబులో పాత బెక్‌మన్ ఉండి పొరపాటున పగిలితే చీపురుతో ఊడ్చకు, చేత్తో ముట్టకు, కిటికీలు తెరిచి ల్యాబువాళ్లని పిలువు. పాదరసం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, దాని ఆవిరి మాత్రం పీల్చేవాళ్లని వదలదు.

డిజిటల్ వచ్చినంత మాత్రాన జాగ్రత్త అవసరం తీరిపోలేదు. ప్లాటినం థర్మామీటరు చూడు. సున్నా దగ్గర 100 ఓములుండే తీగకి డిగ్రీకి 0.385 ఓము పెరుగుతుంది. వెయ్యో వంతు డిగ్రీ అంటే 0.000385 ఓము. దాన్ని మీటరుకి కలిపే తీగలకుండే నిరోధం ముందు అది ఏ మూలకి? అందుకే నాలుగు తీగలు పెట్టి, కరెంటు పంపేవి రెండు, వోల్టేజి చూసేవి రెండుగా విడదీస్తారు. థర్మిస్టరుకి చురుకు ఎక్కువ, కానీ కొలవడానికి పంపిన కరెంటే దాన్ని కాస్త వేడిచేస్తుంది. రాగి-కాన్‌స్టాంటన్ థర్మోకపుల్ డిగ్రీకి 40 మైక్రోవోల్టుల చిల్లర ఇస్తుంది. వెయ్యో వంతుకి 0.04 మైక్రోవోల్టు. టెర్మినల్ దగ్గర నీ వేలి వెచ్చదనం చాలు, అంతకు మించిన దొంగ వోల్టేజి పుట్టడానికి. తెర మీద మూడు దశాంశాలు మెరుస్తున్నాయంటే మూడూ నిజమని కాదు. ఎన్ని అంకెలు చూపిస్తుందన్నది ఒకటి, వాటిలో ఎన్నింటిని నమ్మొచ్చన్నది ఇంకొకటి. ఏమీ మార్చకుండా ఐదు నిమిషాలు దాన్ని చూస్తూ కూర్చో. చివరి అంకె ఎంత ఊగుతుందో, అంతవరకు నీకు తెలియదని రికార్డులో రాసుకో.

ఇక పుస్తకంలో ఉన్న జవాబు రావడం లేదని రీడింగు దిద్దే జబ్బు గురించి. అది మహా చెడ్డది. యూరియా బదులు ఒక గ్రాము ఉప్పు వేసి చూడు. ఉప్పు అణుభారం 58.5 కదా, తేడా 0.32 రావాలి. కానీ 0.6 దాకా వస్తుంది. లెక్క కడితే అణుభారం 31 అంటుంది, దాదాపు సగం. రౌల్ట్ నాటి కొలతల్లోనే ఈ వింత కనపడింది. ఏదో తప్పు జరిగిందిలే అని అప్పటివాళ్లు ఆ అంకెల్ని సర్దేసి ఉంటే ఏమయ్యేది? స్వీడన్‌లో అర్హీనియస్ 1887లో చెప్పాడు, ఉప్పు నీళ్లలో రెండు అయానులుగా విడిపోతుంది, అందుకే రెట్టింపు తేడా అని. 1884లో అతని థీసిస్‌కి ఉప్సలాలో అంతంతమాత్రం గ్రేడే ఇచ్చారు. 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సిద్ధాంతానికి సాక్ష్యం చెప్పినవాటిలో గడ్డకట్టే నీళ్లలో పాదరసం దిగిన గోరంత తేడాలు కూడా ఉన్నాయి.

మన తెలుగువాడి కథొకటి కూడా ఇందులో ఉంది. ఇంగ్లండులో ఎ. వి. హిల్ కప్ప కండరం ఒక్కసారి ముడుచుకుంటే ఎంత వేడి పుడుతుందో థర్మోపైల్‌తో కొలిచాడు. ఆ పెరుగుదల డిగ్రీలో వెయ్యో వంతులు రెండు మూడే. ఆ పనికి మేయర్‌హాఫ్‌తో కలిసి 1922 సంవత్సరపు నోబెల్ అందుకున్నాడు. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం పుట్టడం వల్లే వస్తుందని అప్పట్లో అనుకునేవారు. 1927లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కండరంలో శక్తిని అందించే ఫాస్ఫోక్రియాటిన్ ఉందని బయటపెట్టాడు. ఇంకో మూడేళ్లకు లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం పుట్టకుండానే కండరం ముడుచుకుంటుందని చూపించాడు. పాత వివరణ పోయింది. హిల్ కొలిచిన వేడి మాత్రం పోలేదు, కొత్త వివరణ దానికి జవాబు చెప్పాల్సి వచ్చింది. చూశావా, వివరణలు వస్తుంటాయి, పోతుంటాయి. నిజాయితీగా తీసిన అంకె ఎవరి వివరణకూ లొంగదు. ఇవాళ నీకు అర్థం కాని రీడింగు రేపు ఎవరికో అర్థమవుతుంది. నువ్వు దిద్దేశావంటే ఆ అవకాశం వాళ్లకు ఉండదు.

ఇదంతా పెద్దపెద్ద ల్యాబుల కథ, మన ముండ్లమూరు వైపు దీని అవసరమేముంది అనుకోకు. మన ఊళ్లలో గేదె పాలు పోసి ఇల్లు నడుపుకునే ఆడవాళ్లు ఎంతమంది లేరు? పాలు సున్నాకి అర డిగ్రీ పైచిలుకు కింద, 0.54 ప్రాంతంలో గడ్డకడతాయి. గేదె ఏం తిన్నా అది పెద్దగా మారదు, పొదుగులో పాలు రక్తంతో సమతూకంలో ఉంటాయి కాబట్టి. పాలలో పదో వంతు నీళ్లు కలిపితే ఆ 0.54 కాస్తా 0.49 దగ్గరికి వస్తుంది. లాక్టోమీటరుని మోసం చెయ్యొచ్చు. వెన్న తీసేస్తే పాలు బరువెక్కుతాయి, నీళ్లు పోస్తే తేలికవుతాయి, రెండూ చేస్తే లాక్టోమీటరు మామూలుగానే నిలుస్తుంది. ఘనీభవన స్థానం దగ్గర ఆ ఎత్తు పారదు, ఎందుకంటే వెన్న నీళ్లలో కరిగేది కాదు. అమెరికాలో జూలియస్ హోర్ట్‌వెట్ 1920ల మొదట్లో పాల కోసమే ప్రత్యేకంగా ఘనీభవన స్థానం కొలిచే క్రయోస్కోపు తయారుచేశాడు. ఇప్పుడు పెద్ద డెయిరీల ల్యాబుల్లో దాని డిజిటల్ మనవలు ఉంటాయి.

ఇప్పుడు చెప్పు. ఆ యంత్రం ముందు నువ్వు కూర్చున్నావనుకో. ఆ ఉదయం ప్రామాణిక ఉప్పు ద్రావణంతో దాన్ని సరిచూసుకోలేదు. 0.02 డిగ్రీ తప్పు చూపించింది. దాదాపు నాలుగు శాతం నీళ్లు కలిశాయని లెక్క తేలుతుంది. తెల్లవారుజామున లేచి, గడ్డి కోసుకొచ్చి, పాలు పిండి క్యాను నెత్తిన పెట్టుకొచ్చిన మనిషి దొంగయిపోతుంది. ఊళ్లో అందరి ముందూ ఆమె తల దించుకోవాలి. నీకది డిగ్రీలో వందో వంతులు రెండు, ఆమెకు పరువు. మన ప్రకాశం జిల్లా పడమటి ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడు పరీక్ష చేసే చేతులైనా అంతే, రిపోర్టులో చిన్న అంకె ఒకటి మారితే ఒక ఊరు తాగే నీళ్లు మారతాయి. అందుకే ప్రాక్టికల్ మార్కుల కోసం మాత్రమే నేర్చుకోకు. రేపు నీ సంతకం మీద ఎవరి బతుకో ఆధారపడుతుందనుకుని నేర్చుకో.

చివరగా నాలుగు మాటలు. పని మొదలుపెట్టే ముందు తెలిసినదాన్ని కొలిచి చూసుకో, తర్వాతే తెలియనిదాని జోలికి పో. రీడింగు పడగానే పెన్నుతో రాసెయ్, పెన్సిల్‌తో రాస్తే చెరపాలనిపిస్తుంది. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సరైంది రాయి, కింది అంకె కనపడుతూనే ఉండాలి. పక్కవాళ్ల అంకె చూసి నీ అంకె మార్చుకోకు, వాళ్లదే తప్పు కావచ్చు. ల్యాబు అటెండరుతో మర్యాదగా ఉండు. ఏ థర్మామీటరుకి ఏ జబ్బుందో మేష్టార్లకంటే ఆయనకే ఎక్కువ తెలుస్తుంది. వైవాలో తెలియనిదానికి "తెలియదు సార్" అను, మార్కులు పోతే పోనీ.

నువ్వు తెలివైనదానివి, మీ అమ్మలాగే తొందర కూడా ఎక్కువ. తొందర కాస్త తగ్గించుకుంటే నీకు ఎదురులేదు. సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ రికార్డు పట్టుకురా. ఫలితం పుస్తకంలో ఉన్నట్టు వచ్చిందా లేదా అని అడగను. ఎన్నిసార్లు తీశావు, ఎంత ఊగింది, ఆ ఊగుని రాశావా లేదా అని మాత్రం అడుగుతా.

ఆశీస్సులతో,
మీ తాతయ్య